లాంతరు ఆట చేసినవాళ్ళ కోసం పుదుచ్చేరికి

గురువారం ఉదయం ఆరుంబావుకు నెల్లూరులో చెన్నై వెళ్ళే రైలెక్కాను. చేతిలో ఒకటే సంచి. అందులో ఒక జత బట్టలు, ఒక పాత వీడియో గేమ్ క్యాసెట్, కొన్ని తెల్ల కాగితాలు. గూడూరులో ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దాయన కళ్ళు చూపించుకోవడానికి చెన్నై పోతున్నాడు. నేను పుదుచ్చేరికని చెప్పగానే నవ్వాడు.

"పాండిచ్చేరికా? అర్థమైందిలే. మంచి సరుకు దొరుకుతాదంట ఆడ."

"దానికి కాదండీ. అక్కడొక జపాన్ ఆవిడ ఉన్నారు. ఆమె చేత ఒక సంతకం పెట్టించుకోవాలి."

ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, తర్వాత సూళ్ళూరుపేట దాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. ఆయన తప్పేం లేదు. మా ఇంట్లోవాళ్ళకు కూడా ఈ ప్రయాణం ఎందుకో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను.

నా చిన్నతనంలో నెల్లూరు ట్రంకురోడ్డు పక్క సందులో మా మేనమామకు టీవీలు బాగుచేసే కొట్టు ఉండేది. సాయంత్రాలు అందులో టీవీ గేములు ఆడించేవాడు. వాటిలో ఒకదాన్ని మేం లాంతరు ఆట అనేవాళ్ళం. ఒక ముసలమ్మ లాంతరు పట్టుకుని వంతెనలు దాటుతూ, ఆరిపోయిన దీపాలన్నీ వెలిగించుకుంటూ పోతుంది. మధ్యలో గాలి వస్తుంది, వాన వస్తుంది. గాలి ఎటు వీస్తే లాంతరు వెలుగు అటు వాలుతుంది. నేను ముప్ఫైరెండు వంతెనలూ దాటిన రోజు తెర మీద తెల్లవారింది. ఆ వెలుగులో కంపెనీ పేరొక్కటే కనిపించింది. ఇంత చక్కటి ఆట కట్టింది ఎవరో ఎక్కడా లేదు.

ఆ రోజుల్లో జపాన్‌లో చాలా ఆటలకు అంతే. పేర్లు వేస్తే పోటీ కంపెనీలు మంచి పనివాళ్ళను ఎగరేసుకుపోతాయని భయం. కొన్నిటిలో ముద్దుపేర్లు వేసేవాళ్ళు, కొన్నిటిలో అవీ ఉండేవి కావు. కొందరు మాత్రం ఆట లోపల, ఆడేవాళ్ళకు కనపడనిచోట, తమ పేరు నాలుగక్షరాలు దాచిపెట్టేవాళ్ళు. నేను పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటాను. పాత క్యాసెట్ల చిప్పుల్లో ఉన్నదాన్ని కంప్యూటర్లోకి తీసి, ఆ దాచిన పేర్లు వెతకడం నా వ్యసనం. లాంతరు ఆటలో, ఎక్కడా వాడని ఒక ఖాళీ చోట, ఇంగ్లీషు అక్షరాల్లో నాకు 'సచి' అన్న పేరు దొరికింది. పేరు లేని పనివాళ్ళ కోసం ఇంటర్నెట్‌లో నేను నడిపే జాబితాలో 'లాంతరు ఆట: ప్రధాన ప్రోగ్రామర్, సచి' అని రాసుకున్నాను. అది జరిగి పన్నెండేళ్ళు.

నాకు ఉత్తరాలు రాసే తానాబె గారని ఒసాకాలో ఒక రిటైరైన పెద్దమనిషి ఉన్నారు. జపనీస్ వెతుకులాట అంతా ఆయనదే. ఆ సచి పూర్తి పేరు సచికో అనీ, ఆమె ఎన్నో ఏళ్ళ కిందట దేశం విడిచి పుదుచ్చేరి చేరిందనీ ఆయన ఈ ఏడాది చిరునామాతో సహా కనిపెట్టారు. సరిగ్గా అప్పుడే ఆ కంపెనీ లాంతరు ఆటను మళ్ళీ విడుదల చేస్తున్నట్టు ప్రకటించింది. ఆటతోపాటు ఒక చిన్న పుస్తకం కూడా ఇస్తారట. చేసినవాళ్ళ పేర్లు వెయ్యమని రాశాను. అప్పట్లో పనిచేసినవాళ్ళలో ఒకరైనా సంతకంతో రాసిస్తే పరిశీలిస్తామని జవాబొచ్చింది. సోమవారం పుస్తకం అచ్చుకు పోతుంది. అందుకే ఈ గురువారం ప్రయాణం.

రైలు ముప్పావుగంట ఆలస్యంగా పదింటికి సెంట్రల్ చేరింది. స్టేషను కిందే మెట్రో ఎక్కి కోయంబేడులో దిగాను. తీరం వెంబడి సాగే ఈసీఆర్ రోడ్డు మీదుగా పోయే పుదుచ్చేరి బస్సు పదకొండుకు దొరికింది. వెళ్ళదలచినవాళ్ళు ఎడమవైపు కూర్చోండి, సముద్రం అటే. మహాబలిపురం దాటాక పది నిమిషాలు ఆపితే పెరుగన్నం పొట్లం తిన్నాను. మరక్కాణం దగ్గర ఉప్పు మళ్ళలో ఆడవాళ్ళు ఎండలో ఉప్పు పోగులు పెడుతున్నారు. మూడింటికి పుదుచ్చేరి బస్టాండు. కామరాజ్ సాలై అనే పెద్ద రోడ్డు దగ్గర ఒక లాడ్జిలో తొమ్మిదివందలకు గది దొరికింది, శుభ్రంగానే ఉంది. మొహం కడుక్కుని కోసపాళయం నడిచి వెళ్ళాను. పావుగంట దూరం.

కోసపాళయం పాత పేట. ఇస్త్రీ బండి, టైలరు, పాత ఇనుపసామాను కొట్టు, వాటి మధ్యన ఇళ్ళు. నేను వెతుకుతున్న ఇంటి అరుగు మీద అరవైకి దగ్గరపడ్డ ఒకావిడ మునగాకు దూస్తోంది. పేరు, ఇంటి నంబరు రాసుకున్న కాగితం చూపించాను.

"తెలుగు మాట్లాడతాం గానీ చదవను రాదు తంబీ. మా అమ్మకీ రాదు, నా బిడ్డలకీ రాదు. ఏంది రాసిండావో నువ్వే చెప్పు."

"సచికో గారుండేది ఇక్కడేనా అక్కా?"

"జపాన్ అక్కా? మాడి మీద ఉండాది" అంటూ మేడమెట్లు చూపించింది. "తట్టాంచావడికి వేలైకి పోయింది. అయిదున్నరకి వస్తాది. కూచో." వేలై అంటే అరవంలో పని.

ఆమె పేరు సుగుణమ్మ. వాళ్ళ తాత ముత్తాతలు నెల్లూరు వైపు నుంచి వచ్చారట, ఊరి పేరు ఎవరికీ గుర్తులేదు. నేను నెల్లూరని తెలిశాక కాఫీ గ్లాసు నిండా పోసింది. సచికో ఆ మేడ మీద అద్దెకు దిగి ఇరవైరెండేళ్ళు. తట్టాంచావడి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో జపాన్‌కు తోలుసామాను పంపే చిన్న కంపెనీ ఒకటుంది. దానికి ఆమె జపనీస్ ఉత్తరాలు రాసిపెడుతుంది.

"మా ఆయన పోయినప్పుడు పదారు దినాలు ఆమే వండి పెట్టింది" అంది సుగుణమ్మ. "సొంత అక్క అట్లా చెయ్యదు. ఆమెకు ఏం కష్టం తెచ్చినావో గానీ, మెల్లగా చెప్పు."

"కష్టం కాదక్కా, మంచి కబురే."

నేను నిజంగా అలాగే అనుకున్నాను.

అయిదూ నలభైకి సచికో షేర్ ఆటో దిగింది. కత్తిరించిన నెరసిన జుట్టు, నూలు పంజాబీ డ్రెస్సు, చేతిలో టిఫిన్ క్యారియర్. నన్ను చూసి సుగుణమ్మను అడిగింది, "ఎవరు ఇది? నా కోసమా?" తర్వాత నాతో, "రా, పైకి రా." ఆమెకు తెలిసిన తెలుగు ఆ ఇంట్లో విని నేర్చుకున్నదే. అందులో 'మీరు' లేదు. ఎవరినైనా నువ్వే అంటుంది.

మేడ మీద ఒకే గది. చాప, స్టవ్వు, చిన్న బల్ల, ఒక ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీ నాకిచ్చి తను చాప మీద కూర్చుంది. నేను క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"ఇది యాడ దొరికింది?"

"నెల్లూరులోనండి. చిన్నప్పుడు ఆడాను."

"ఇది కాపీ. మా కంపెనీది కాదు."

"తెలుసు. కానీ లోపలున్న ఆట మీదే. మీ పేరు చూశాను." నేను అచ్చువేసి తెచ్చిన కాగితం ఆమె ముందు పెట్టాను. సచి అన్న అక్షరాల చుట్టూ ఎర్ర గీత గీసి ఉంది. ఆ కాగితం చూసి ఆమె మొహం వెలగాలని పన్నెండేళ్ళుగా ఎదురుచూశాను. మొహం మారింది. వెలగలేదు.

"ఎంతమంది చూసినారు ఇది?"

"జాబితా చూసే అందరూ. ఈ ఆట చేసింది మీరేనని వాళ్ళందరికీ తెలుసు."

"ఎవరు చెప్పినారు?"

"మీ పేరు లోపల ఉంది కదండీ."

"పేరుంటే?" అంది. "పేరుంటే చేసినట్టా?"

తర్వాత సంగతి ఆమె ఎక్కువగా ఇంగ్లీషులో చెప్పింది, మధ్యమధ్య తెలుగులో. నేను విన్న వరసలోనే రాస్తున్నాను.

ఆ ఆట చేసింది ఏడుగురు. ఆలోచనంతా కెంజి అనే ఇరవైమూడేళ్ళ కుర్రవాడిది. గాలికి లాంతరు వెలుగు వాలడం అతని పనే. దానికి నాలుగు నెలలు పట్టింది. తెల్లవారే తెర మీద ఏడు పేర్లూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా కూడా అతనే చేశాడు. సచికో ఆ ఏడుగురిలో లేదు. ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు సరిదిద్దడం ఆమె ఉద్యోగం. ఆట ఫ్యాక్టరీకి పోయే ముందురోజు సెక్షన్ పెద్ద ఆమెను పిలిచి, పేర్లు తీసేసి కంపెనీ పేరొక్కటే ఉంచమన్నాడు. ఎవరికీ చెప్పవద్దన్నాడు. ఆమె తీసేసింది.

"పేర్లుండే చోట ఖాళీలు రాయాల. రాసింది సరిగా పడతాదా లేదా తెలియాల కదా. అందుకని ముందు నా పేరు రాసి చూసినాను. పడింది. మళ్ళీ ఖాళీలు రాసినాను. ఒక చోట మరిచిపోయినా." ఎర్ర గీతను వేలితో చూపించింది. "ఇదే ఆ చోటు."

ఏడుగురి పేర్లు చెరిపిన చెయ్యి వదిలేసిన మరకను ఆట చేసినవారి సంతకమని పన్నెండేళ్ళుగా లోకానికి చూపిస్తున్నాను.

"కెంజి ఏమన్నాడు?"

ఆట కొట్లలోకి వచ్చిన వారం కెంజి సొంత ఊరికి వెళ్ళాడట. ఆదివారం మధ్యాహ్నం అమ్మానాన్నలను టీవీ ముందు కూర్చోబెట్టి ముప్ఫైరెండు వంతెనలూ దాటి చూపించాడు. చివర్లో నా పేరొస్తుంది చూడండి అని ముందే చెప్పాడు. రాలేదు. సోమవారం ఆఫీసుకొచ్చి ఒక్కొక్కరినీ అడిగాడు, పేర్లు ఎవరు తీశారని.

"నన్నూ అడిగినాడు" అంది సచికో. "నాకు తెలీదంటిని."

ఆ ఏడాదే అతను ఉద్యోగం మానేశాడు. తర్వాత బట్టలుతికే ఫ్యాక్టరీలో చేరాడు. అక్కడ ఆ ఆట చేసింది నేనేనని చెబితే నవ్వేవాళ్ళట. అతను పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఈ విషయాలు ఆమెకు పాత సహోద్యోగి ఒకామె ఉత్తరంలో రాసింది.

మధ్యలో ఎప్పుడొచ్చిందో, సుగుణమ్మ కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. తెలుగులో చెప్పినంత మేరకు విన్నట్టుంది.

"ఆ పిల్లోడు అడిగినప్పుడు చెప్పుంటే ఏమయ్యేది అక్కా?"

"వేలై పోయుండేది."

"పోతే పోనీ" అంది సుగుణమ్మ. గ్లాసులు బల్ల మీద పెట్టి కిందికి దిగిపోయింది.

నేను కంపెనీ సంగతి, సోమవారం గడువు చెప్పాను. ఆమె ఏడు పేర్లూ తడుముకోకుండా చెప్పింది. "రాసిస్తాను. రేపు ఎనిమిదింటికి రా. నేను వేలైకి పోయే ముందు."

కామరాజ్ సాలైలో రెండు దోసెలు తిని లాడ్జికి వచ్చాను. సముద్రం చూడటానికి వెళ్ళలేదు.

శుక్రవారం ఎనిమిదికి ఐదు నిమిషాల ముందే వెళ్ళాను. ఆమె కాగితం సిద్ధంగా పెట్టింది. పైన జపనీస్, కింద ఇంగ్లీషు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఫలానా ఏడుగురు ఈ ఆట చేశారని, కెంజి పేరు ముందు పెట్టి, ఎవరేం పని చేశారో రాసింది. ఆఖరి పేరాలో, సెక్షన్ పెద్ద చెప్పగా ఆ పేర్లను తన చేత్తో తొలగించానని, కెంజి అడిగినప్పుడు అబద్ధమాడానని, లోపల మిగిలిన 'సచి' అనే మాట ఆట చేసినవారి గుర్తు కాదని రాసింది. కింద సంతకం, తేదీ.

రెండుసార్లు చదివాను. తర్వాత నేను చేసిన పని ఇది. దాచుకోదలచుకోలేదు.

"సచికో గారూ, ఈ ఆఖరి పేరా కంపెనీవాళ్ళను తప్పుపట్టినట్టు ఉంటుంది. చూడగానే భయపడి మొత్తం పక్కన పెట్టేస్తారు. ఇది లేకుండా ఇంకో కాగితం రాసిస్తారా? పేర్లు రావడం ముఖ్యం కదా."

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"మా సెక్షన్ పెద్ద కూడా ఇట్లే అడిగినాడు. తిట్టలేదు. బతిమాలినట్టే అడిగినాడు" అంది. కాగితం చేతిలోకి తీసుకుని, "సరి. యాడ నుంచి తీసేయాల?" అంది.

నేను వేలు పెట్టి చూపించాను.

కొత్త కాగితం రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పాతది నాకిమ్మని అడిగాను. "వద్దన్నావు కదా" అని మడిచి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. తొమ్మిదింటికి షేర్ ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. సుగుణమ్మ నాకు రెండు ఇడ్లీలు పెట్టి, ఏదైనా అవసరమొస్తే చెయ్యమని తన ఫోన్ నంబరుతోపాటు సచికో నంబరు కూడా చెప్పింది. నెల్లూరు చేరాక ఒకమాట చెప్పమంది.

లాడ్జి గదిలో కాగితాన్ని ఫొటో తీసి పదకొండుకు కంపెనీకి మెయిలు పంపాను. పన్నెండుంబావుకు చెన్నై బస్సెక్కాను. మరక్కాణం దాటుతుండగా జవాబొచ్చింది. ఉత్తరం మర్యాదగా ఉంది. స్వయంగా సంతకం చేసినవారి పేరు మాత్రమే వెయ్యడం తమ నియమమట. మిగతా ఏడుగురి అంగీకారపత్రాలు లేనందువల్ల వాళ్ళ పేర్లు వెయ్యలేమట. అయితే మీ జాబితాలో పన్నెండేళ్ళుగా ప్రధాన ప్రోగ్రామర్‌గా సచికో గారి పేరే ఉన్నది కనుక, పుస్తకంలో ఆవిడ పేరును అదే హోదాతో సంతోషంగా ప్రచురిస్తాము అని రాశారు.

పక్కసీట్లో చంటిబిడ్డతో ఉన్న తల్లి, "ఏమండీ, నీళ్ళు కావాలా?" అని అడిగింది తెలుగులో. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు.

సచికోకు ఫోన్ చేశాను. వెనక కుట్టుమిషన్ల చప్పుడు వినిపిస్తోంది. జరిగింది చెప్పి, మొదట రాసిన కాగితం ఫొటో తీసి పంపమని అడిగాను.

"చింపేసినా."

"ఇంకోసారి రాయండి. ఇవాళే పంపుతాను."

"రాయను. ఒకసారి నిజం రాసినాను. నువ్వు వద్దంటివి." అంది. "నా పేరు తీసేయమని చెప్పు. ఎట్లా అడగాలో నీకు తెలుసు కదా."

ఫోన్ పెట్టేసింది. నేను మళ్ళీ చేయలేదు.

మహాబలిపురం వచ్చేలోగా కంపెనీకి జవాబు మూడుసార్లు రాసి మూడుసార్లు చెరిపాను. మొదటి రెండిట్లో అసలు సంగతంతా ఉంది. కానీ దానికి సాక్ష్యం ఏదని అడిగితే చూపించడానికి నా దగ్గర ఏముంది? నేను పంపిన సంతకంలోనే అది లేదు. చివరికి ఒక్క వాక్యం పంపాను. సచికో గారి పేరు దయచేసి తొలగించండి, అది వారి కోరిక అని. పద్దెనిమిది నిమిషాల్లో జవాబొచ్చింది. 'తొలగించాము. శ్రమ తీసుకున్నందుకు ధన్యవాదాలు.' ఇన్నేళ్ళలో ఆ కంపెనీ నాకు ఇంత త్వరగా జవాబివ్వడం అదే మొదటిసారి.

నాలుగున్నరకు కోయంబేడు, అయిదుంబావుకు సెంట్రల్. ఆరింటి రైల్లో జనరల్ పెట్టెలో చోటు దొరికింది. తడలో ఎక్కిన కాలేజీ అమ్మాయిలు ఫోన్లో ఏదో ఆట ఆడుకుంటూ సూళ్ళూరుపేటలో దిగిపోయారు. నేను కూడా ఫోన్ తీసి నా జాబితా తెరిచాను. సచి పేరు తీసేశాను. కెంజి పేరు పైన పెట్టి ఏడు పేర్లూ రాశాను. వాటి కింద, పేర్లు ఎవరు తీశారు, ఎవరు తీయించారు, నిన్నా ఇవాళా ఏం జరిగింది అన్నీ రాశాను. ఆ జాబితా చదివేది మహా అయితే వందమంది. ఆ ఆట కొనేవాళ్ళు వేలల్లో ఉంటారు. వాళ్ళ తెర మీద తెల్లవారినప్పుడు కంపెనీ పేరే వస్తుంది.

ఇది చదివి పుదుచ్చేరి వెళ్ళాలనుకునేవాళ్ళు వెళ్ళండి. ఈసీఆర్ బస్సు సౌకర్యంగానే ఉంటుంది, కామరాజ్ సాలై లాడ్జీలు చవకే. కోసపాళయంలో ఆ ఇల్లు ఎక్కడో మాత్రం నేను చెప్పను. ఆమె దగ్గర ఇంకేం అడగాల్సింది లేదు. అడగవలసినవాడు ఒకప్పుడు అడిగాడు, ఆమె చెప్పలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఎవరూ అడగకుండానే కాగితం మీద రాసి సంతకం పెట్టింది. నేను వద్దన్నాను. పేర్లు ఎవరు తీశారని కెంజి ఆ సోమవారం ఆఫీసంతా తిరిగి అడిగినదానికి జవాబు ఇప్పుడు నాకు తెలుసు. రుజువు చూపించమంటే మాత్రం నా దగ్గర లేదు.